ఖడ్గతుండ పక్షి

మందారపువ్వుల చుట్టును దిరుగుచు తేనె గ్రోలు చిన్న పిట్టను మన విద్యార్థు లందఱును జూచియే యుందురు. దానిని తేనెపిట్ట యందుము. హమ్మింగు పక్షి యనగా నిదియే యని కొందఱు తలంచుట కలదు, అది పొరపాటు. హమ్మింగు పక్షులు అమెరికా ఖండములలో దప్ప మఱెచ్చటను లేవు. మన పిట్ట చాలవఱకు కొమ్మపై వ్రాలి తేనె త్రావును. హమ్మింగు పక్షియో, ఱెక్కలు కంటి కానకుండునంత వేగముగా నాడించుచు గాలిలో నొక్కచోటనే నిలిచి త్రావును; వెనుకకు సైత మెగురగలదు.

ఇట్టి జాతులు 350కి పైగా గలవు. వానిలో ఖడ్గతుండ పక్షిని గూర్చి మాత్రమే యిచ్చట దెలుపుదుము. వెనిజులా మొదలు బొలీవియా వఱకు ఆండీసు పర్వతములపై, సుమారు 2,500 మీటర్లకు మీదుగా, మేఘములు కొమ్మలను దాకుచు నెల్లప్పుడు తడిగా నుండు నడవులలో నిది వసించును. బరువు రమారమి తులము. తోకను విడిచి కొలిచినచో దేహముకంటె ముక్కే పొడవు. పక్షులలో నిట్టిది వేఱొకటి లేదు. కూర్చున్నపుడు ఆ ముక్కును మీది కెత్తి పట్టుకొనును. దానితో నీకలు దువ్వుకొనుట సాధ్యము గాదు గనుక కాలితో గోకికొనును. చూచువారికి నవ్వు వచ్చును గాని పక్షికి వేఱు దారి లేదు.

ఈ ముక్కునకు జోడు ఒక తీగపువ్వు. అది ప్యాషను పూల కుటుంబములోనిది. ఆ పేరు పూర్వము స్పెయిను దేశపు మిషనరీ లిడినది: పూవులోని కేసరవలయమునందు ముండ్లకిరీటమును, మూడు కీలాగ్రములందు మూడు మేకులను జూచి, దానిని క్రీస్తు శ్రమల పుష్పమనిరి. ఆండీసులోని యీ జాతి పూవు గులాబివర్ణముతో క్రిందికి వ్రేలాడును. దాని గొట్టము మిక్కిలి పొడవు. తేనె యడుగున నుండును. ఖడ్గతుండము క్రిందనుండి ముక్కు నిటారుగ జొనిపి త్రావునపుడు పుప్పొడి దాని తలకంటి మఱియొక పూవును జేరును. పూవులకు రంధ్రము చేసి తేనె దొంగిలించు పక్షులును అచ్చట గలవు. వానివలన తీగకు లాభము లేదు.

ఎక్వడారు దేశమున జరిగి 2001లో ప్రకటింపబడిన పరిశీలనమును బట్టి, పరాగసంపర్కమునకు ఆ తీగ యీ పక్షినే పూర్తిగా నమ్ముకొన్నది. ఆ దేశములలో పొలములకును పసులమేతకును అడవులు కొట్టివేయబడుచున్నవి. ఇచ్చట మాకు దోచిన దొకటి గలదు: ఈ బంధము సరిసమానమైనది గాదు. తీగ లేకున్నను పక్షి, ఉమ్మెత్తకు చుట్టమైన యెఱ్ఱని గొట్టపుబూల చెట్లను జేరి బ్రదుకవచ్చును. పక్షి లేనిచో తీగ పూచును గాని కాయదు.