పెరటి చెట్టుకు మిగిలిపోయిన యూరియా ఒక్కటే చాలదు

వరికి తెచ్చిన యూరియా బస్తా అడుగున రెండు మూడు కిలోలు మిగులుతుంది. దాచుకునే చోటు లేక, పారబోయ మనసొప్పక, దాన్ని పెరట్లో జామచెట్టు మొదట్లో కుమ్మరించి రెండు బిందెల నీళ్లు పోస్తాం. చాలా ఇళ్లలో పెరటి చెట్లకు ఎరువు వేయడమంటే ఇంతే. చెట్టు నల్లగా, ఏపుగా ఎదుగుతుంది. కాయ మాత్రం నిలవదు. రెండు మూడేళ్లు చూసి, ఇది గొడ్డు చెట్టని గొడ్డలి తీస్తారు. ఎకరం, అరెకరం ఉన్న ఇంట్లో రెండు జామలు, ఓ నిమ్మ, ఓ మామిడి ఉంటే పిల్లలకు పండ్లు కొనే పని ఉండదు, పచ్చడికి వెతుక్కోనక్కర్లేదు, మిగిలినవి సంతలో నాలుగు రూపాయలు తెస్తాయి. నరికే ముందు ఆ చెట్టుకు మనం ఏం పెట్టామో ఒకసారి చూసుకోవాలి.

యూరియాలో ఉన్నది నత్రజని ఒక్కటే, నూటికి 46 పాళ్లు. అది ఆకుకు, కొమ్మకు పనికొస్తుంది. వేరు బలానికి, పూతకు భాస్వరం కావాలి. కాయ ఊరడానికి, రుచికి పొటాష్ కావాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో 16 పాళ్ల భాస్వరం, మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 పాళ్ల పొటాష్ ఉంటాయి. పొటాష్ బస్తా ధర యూరియా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గనుక ఎవరూ దాని జోలికి పోరు. పెరట్లో నాలుగు చెట్లకు బస్తా అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి ఒక బస్తా తెచ్చుకుని పంచుకుంటే సరిపోతుంది.

మొదట్లో వేస్తే వృథా

చెట్టు తిండి తినేది మాను దగ్గర కాదు. అక్కడుండేవి చెట్టును నిలబెట్టే లావు వేళ్లు. తిండి లాక్కునే పీచు వేళ్లు కొమ్మల చివర్ల కిందుగా ఉంటాయి. తొలకరి రోజుల్లో మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ ఎక్కడిదాకా పడితే, ఆ అంచుకు కాస్త లోపలగా చుట్టూ అడుగు వెడల్పు, ఆరంగుళాల లోతున గాడి తీయాలి. పార లోతుగా దించి వేళ్లు తెంపుకోవద్దు. గాడిలో ఎరువు చల్లి, మన్ను కప్పి, నీళ్లు పెట్టాలి. పొడి నేలలో ఎరువు వేసి వాన కోసం ఎదురు చూడటం మంచిది కాదు. మొదట్లో కుప్పగా పోసిన యూరియా బెరడును, లేత వేళ్లను మాడుస్తుంది.

పశువుల ఎరువు బాగా చివికినదే వేయాలి. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు చేరతాయి. పొయ్యి బూడిదలో పొటాష్ ఉంటుంది, వాడుకోవచ్చు. కానీ బూడిదను యూరియాతో కలిపి చల్లితే నత్రజని ఆవిరై పోతుంది. రెంటికీ మధ్య పది పదిహేను రోజుల ఎడం ఉండాలి.

ఏ చెట్టుకు ఎంత

జామకు ఏడాది మొక్కప్పుడు యూరియా 220 గ్రాములు, సూపర్ 250, పొటాష్ 170 గ్రాములు వేయాలి. ఏటా అంతంత పెంచుకుంటూ పోతే అయిదో ఏటికి యూరియా 1,100, సూపర్ 1,250, పొటాష్ 850 గ్రాములవుతుంది. ఆ పైన ఏటా అదే. దీన్ని జూన్‌లో సగం, సెప్టెంబరులో సగం వేసుకోవాలి. జామ కొత్త చిగురు మీదే కాస్తుంది కాబట్టి, జూన్‌లో ఎరువు వేసే ముందు కొమ్మల చివర్లు జానెడు కత్తిరిస్తే ఇంకా మంచిది. తూకం కోసం ఓ పాత డబ్బా పట్టుకెళ్లి కిరాణా కొట్లో ఒక్కసారి ఒక్కో ఎరువూ తూయించి గీత పెట్టుకుంటే చాలు.

మామిడికి వయసు ఏడాదికి 100 గ్రాముల చొప్పున మూడు పోషకాలూ సమానంగా ఇవ్వాలి. పదేళ్లు నిండిన చెట్టుకు యూరియా సుమారు 2.2 కిలోలు, సూపర్ ఆరుంపావు కిలోలు, పొటాష్ 1.7 కిలోలు అవుతాయి. ఎక్కువ భాగం కాయ కోశాక తొలకరిలోనే వేయాలి. దసరా దాటాక పిందె కట్టేదాకా నత్రజని వేయకూడదు, నీళ్లూ ఆపాలి. పెరటి మామిడి పూయకపోవడానికి చాలాచోట్ల కారణం స్నానాల గది నీళ్లే. ఏడాది పొడవునా తడి అందుతుంటే చెట్టు చిగురు వేస్తూనే ఉంటుంది, పూత మాట మరిచిపోతుంది. ఆ కాలువను అరటి వైపు తిప్పండి.

నిమ్మది వేరే లెక్క. అది యూరియా ఒక్కదానితో సరిపెట్టుకునే చెట్టు కాదు. దానికి కావలసిన నత్రజనిలో నాలుగో వంతు పశువుల ఎరువుగా, సగం వేపపిండి లేదా ఆముదపు పిండిగా, మిగతా నాలుగో వంతే యూరియాగా ఇవ్వాలన్నది సిఫార్సు. అయిదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి యూరియా 800 గ్రాములు, సూపర్ 2.2 కిలోలు, పొటాష్ 670 గ్రాములు, పిండి 15 కిలోల దాకా పడుతుంది. అంత పిండి కొనలేకపోతే కొన్నంత వేసి, చివికిన ఎరువు గంపలు పెంచండి. అంతేగాని ఆ లోటును యూరియాతో పూడ్చొద్దు. జూన్-జులైలో ఒకసారి, డిసెంబర్-జనవరిలో ఒకసారి వేయాలి. ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుపచ్చగా మారితే అది జింకు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, అందులో సగం సున్నం కలిపి వడగట్టి కొత్త చిగురు మీద పిచికారీ చేయాలి. మాను చుట్టూ మట్టి ఎగదోసి, పాదు నీళ్లు మానుకు తగలకుండా చూడాలి. తగిలితే బంక కారుతుంది. సబ్బు నీళ్లు, ఉప్పు నీళ్లు నిమ్మకు పడవు.

అరటి మాత్రం తిండిపోతు. నాటేటప్పుడు సూపర్ 300 గ్రాములు, ఆ తర్వాత నలభై అయిదు రోజులకోసారి యూరియా 110, పొటాష్ 80 గ్రాముల చొప్పున నాలుగు దఫాలు, మొక్కకు అడుగున్నర దూరంలో వేసి మన్ను కప్పాలి. పక్క పిలకలు ఎప్పటికప్పుడు కోసేయాలి, లేకుంటే వేసినదంతా అవే తినేస్తాయి.