చలనచిత్రమునందు వ్యంజనావ్యాపారము — 'పథేర్ పాంచాలీ' ఆధారముగా ఒక పరిశీలనము

అలంకారశాస్త్రబోధనమున ధ్వనికి ఉదాహరణములు ప్రాచీనకావ్యములనుండి గ్రహింపబడుట పరిపాటి. అది ఉచితమే. కాని విద్యార్థి తరగతి వెలుపల చూచుచున్న చలనచిత్రమునకు ఈ శాస్త్రము వర్తించునా యని ప్రశ్నించినపుడు రెండు సమాధానములు వినవచ్చుచుండును. సినిమా శాస్త్రవిషయము కాదనునది ఒకటి. భరతోక్తములైన రసములన్నియు అందును కలవని చెప్పి, ఒక్కొక్క సన్నివేశమునకు ఒక్కొక్క రసము పేరు తగిలించి తృప్తినొందుట రెండవది. మొదటిది శాస్త్రమును గ్రంథాలయమునకు పరిమితము చేయును. రెండవది శాస్త్రమును పేర్ల పట్టికగా మార్చును. రెండింటను విచారమునకు తావు లేదు.

విచారింపవలసిన విషయము వేరు. ఛాయాగ్రహణము, కూర్పు, శబ్దము అను మూడు సాధనములచే చలనచిత్రమున అర్థము పుట్టుచున్నది. ఆ అర్థము ఏ వృత్తిచే లభించుచున్నది? అభిధచేతనా, తాత్పర్యముచేతనా, అనుమానముచేతనా, లేక వ్యంజనచేతనా? దీనిని పరీక్షించుటకు సత్యజిత్ రాయ్ దర్శకత్వమున 1955లో వెలువడిన 'పథేర్ పాంచాలీ' యను వంగభాషాచిత్రము అనుకూలమైన లక్ష్యము. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయుని నవల దీనికి మూలము. ఛాయాగ్రహణము సుబ్రత మిత్ర, కూర్పు దులాల్ దత్త, సంగీతము పండిత రవిశంకర్ నిర్వహించిరి.

1. వాచకము లేనిచోట వ్యంజకత్వము

వ్యంజన శబ్దవృత్తి గదా, శబ్దమే లేని దృశ్యమునందు దానికి అవకాశమెక్కడిదని మొదటి ఆక్షేపము. దీనికి సమాధానము ఆనందవర్ధనాచార్యుని గ్రంథమునందే కలదు. వాచకత్వమును వ్యంజకత్వమును భిన్నములని నిరూపించు సందర్భమున ఆయన ధ్వన్యాలోకతృతీయోద్ద్యోతమున రెండు దృష్టాంతములు చూపెను. గీతధ్వనులకు వాచ్యార్థము లేకున్నను వానివలన రసాదులు స్ఫురించుచున్నవి. శబ్దమే కాని చేష్టాదులును అర్థవిశేషమును ప్రకాశింపజేయుచున్నవి. కావున వ్యంజకత్వము వాచకశబ్దమునకే కట్టుబడినది కాదని సిద్ధాంతకర్తకే సమ్మతము.

తొమ్మిదవ శతాబ్దమునాటి ఆచార్యునకు చలనచిత్రము తెలిసియుండెనని చెప్పుట హాస్యాస్పదము. ఆయన కాలమున దృష్టాంతమాత్రముగా నిలిచిన గీతము, చేష్ట యనునవి ఈ కళయందు ప్రధానసాధనములైనవని మాత్రమే ఇచట వక్తవ్యము.

2. ఛాయాగ్రహణము — విభావముల గ్రహణము

రంగస్థలమున ప్రేక్షకుడు ఒకచోట కూర్చుండును. ఒకే రంగమును గృహము, వనము, మార్గము అను భేదములతో గ్రహింపజేయుటకు భరతుడు కక్ష్యావిభాగమును విధించెను. నటుడు పరిక్రమణము చేసినంతనే దేశము మారినట్లు సామాజికుడు గ్రహించును. చలనచిత్రమున పరిక్రమణము నటునిది కాదు, కెమెరాది. ప్రేక్షకుడు ఆసనమునుండి కదలకయే దూరమునుండి సమీపమునకు కొనిపోబడుచున్నాడు. అందుచే వస్తువు ఎంత ముఖ్యమో, దానిని చూచు స్థానమును దానిపై పడు వెలుగును అంత ముఖ్యములు.

కావ్యమున చంద్రోదయము ఉద్దీపనవిభావముగా వర్ణింపబడును. చిత్రమున దానిని కాంతితోనే రచింపవలెను. 'మాయాబజార్' (1957) చిత్రమున మార్కస్ బార్ట్‌లే కల్పించిన వెన్నెల తెలుగువారికి పరిచితమే. 'పథేర్ పాంచాలీ'యందలి పద్ధతి వేరు. దుర్గ, అపు అను అక్కాతమ్ములు తెల్లని కాశపుష్పముల నడుమ నిలిచియుందురు. దూరమున నల్లని పొగ చారలుగా కనబడును. పిదప రైలు. ధవళమైన క్షేత్రమున కృష్ణధూమము కదలుటయే ఆ బాలుర విస్మయమునకు విభావము. ఆశ్చర్యమను మాట ఎవరును పలుకరు.

ఛాయాగ్రాహకుని కర్మ ఆహార్యాభినయమున అంతర్భవించునని కొందరు తలపవచ్చును. అది సరికాదు. ఆహార్యము వేషము, అలంకారము, పుస్తము మొదలగువానిచే పాత్రను రంగమును సిద్ధపరచును. ఛాయాగ్రహణము సిద్ధమైన దానిలో ఏది విభావము కావలెనో నిర్ణయించును. చిత్రాంతమున గ్రామమును విడుచు సమయమందు అపునకు ఒక హారము దొరకును. దుర్గ బ్రదికియుండగా దొంగిలించినదని నింద మోసి, తాను తీయలేదని చెప్పిన హారమది. బాలుడు దానిని కొలనిలోనికి విసరును. నీటిమీది నాచు విడివడి, మెల్లగా మరల మూసికొనును. కెమెరా అచటనే నిలిచియుండును. నింద సత్యమేయనునది వస్తుధ్వని. అక్క రహస్యము తమ్మునిచే శాశ్వతముగా కప్పబడినదనునది తదుపరి వ్యంగ్యము. ఆ నాచు మూసికొనువఱకు దృశ్యము నిలుపబడకున్న మొదటి అర్థము మాత్రమే మిగిలియుండెడిది.

3. కూర్పు — వాక్యార్థవిచారము

కూర్పున శాస్త్రమునకు మిక్కిలి సన్నిహితమైన సమస్య కలదు. 1920 ప్రాంతమున రష్యాదేశీయుడైన లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగము చలనచిత్రపాఠములలో ప్రసిద్ధము. ఇవాన్ మొజూఖిన్ యను నటుని నిర్వికారమైన ముఖమును ఒకే ఖండముగా గ్రహించి, దానిని వేర్వేరు దృశ్యములతో కూర్చెను. ఆ చిత్రము నేడు లభింపదు. సహచరుడు పుదోవ్‌కిన్ వ్రాసిన వివరణమును బట్టి ఆ దృశ్యములు సూపు పాత్ర, శవపేటికయందలి స్త్రీ, ఆటవస్తువుతో క్రీడించు బాలిక. ముఖము ఒక్కటేయైనను ప్రేక్షకులు అందు వేర్వేరు భావములను చూచి నటుని నైపుణ్యమును మెచ్చిరట.

ఒక్కొక్క షాట్‌ను పదముగా గ్రహించినచో ప్రశ్న స్పష్టమగును. పదములు స్వతంత్రముగా అర్థమును చెప్పిన పిదప అన్వయము కలుగునని భాట్టుల అభిహితాన్వయవాదము. అన్వితమైన అర్థమునే పదములు చెప్పునని ప్రాభాకరుల అన్వితాభిధానవాదము. ముఖమునకు కూర్పునకు ముందు భావము లేదు గనుక ప్రాభాకరపక్షమే గెలిచినట్లు తోచును. కాని సూపు పాత్ర సూపు పాత్రగానే, శవపేటిక శవపేటికగానే ముందుగా గ్రహింపబడుచున్నవి గదా. ఆ అంశమున భాట్టపక్షము నిలుచును.

ఈ వివాదము ఎట్లు తేలినను ఒక విషయము మిగులును. ముఖము, పాత్ర పదార్థములు. "ఇతడు దీనిని చూచుచున్నాడు" అనునది అన్వయము. ఆకలి యనునది పదార్థము కాదు, అన్వయమును కాదు. అభిధ పదార్థమున క్షీణించును, తాత్పర్యము అన్వయమున క్షీణించును. తరువాతి అర్థమునకు లక్షణకును మించిన చతుర్థకక్ష్యయందలి వ్యాపారము కావలెనని అభినవగుప్తుడు లోచనమున చేసిన వాదమునకు ఇంతకంటె స్పష్టమైన లక్ష్యము దొరకదు.

ఇది అనుమానమేయని మహిమభట్టుని అనుయాయి అనవచ్చును. అట్లైనచో వ్యాప్తి ఏది? ఆ ముఖమే శవపేటికతో శోకమును, బాలికతో ఆనందమును తోపించినది. అనియతమైన హేతువు హేత్వాభాసము. అంతేకాదు, నటుడు నిర్వికారుడేయని తెలిసిన పిదపను కూర్పును చూచినపుడు ఆ భావము బాధితము కాకుండుట సంభవమే. అనుమితికి అట్టి స్వభావము లేదు. చిత్రతురగన్యాయముచే నటునియందు స్థాయి అనుమింపబడునని చెప్పిన శంకుకుని మతమునకును ఇచట నిలువ చోటు లేదు. నటునియందు లేని భావము ఎవనిది? సామాజికుని వాసనయే ఉద్బుద్ధమైనదని అభినవగుప్తుని సమాధానము.

శాబ్దబోధహేతువులైన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యనునవియు కూర్పున పరీక్షింపదగినవి. ఎవరో ఏదో చూచుచున్నట్లు కనబడినంతనే ఏమి చూచుచున్నారను ఆకాంక్ష పుట్టును. వెంటనే వచ్చు దృశ్యము సన్నిధిచే దానిని తీర్చును. రెండును పొసగుట యోగ్యత. యోగ్యతను కొంచెము సడలించినపుడు వ్యంజన ప్రబలమగును. ఈ కథకు ఉత్తరభాగమైన 'అపరాజితో' (1956) చిత్రమున హరిహరుడు కాశీలో కన్నుమూయును. తక్షణమే పావురముల గుంపు ఆకసమునకు ఎగయును. శయ్యకును పక్షులకును లౌకికసంబంధము లేదు. ప్రాణోత్క్రమణమను అర్థము సన్నిధిమాత్రముచే వ్యంగ్యమైనది. ఆర్థీవ్యంజనకు హేతువులను పరిగణించుచు మమ్మటుడు వక్త, బోద్ధవ్యుడు, కాకువు మొదలగువానితో అన్యసన్నిధిని గూడ చేర్చుట ఈ సందర్భమున స్మరణీయము.

4. శబ్దము — వినబడని రోదనము

శబ్దవిషయమున ఒక్క సన్నివేశమును విస్తరించి పరిశీలించుట చాలును. తుపాను రాత్రి దుర్గ మరణించును. జీవనోపాధికై వెళ్లిన తండ్రి హరిహరుడు ఈ సంగతి యెఱుగక తిరిగివచ్చి, తెచ్చిన వస్తువులను ఒక్కొక్కటిగా సంచినుండి తీసి భార్యకు చూపును. లక్ష్మీదేవి పటము తీయును. పిదప దుర్గకై కొన్న చీరను తీసి ఆమె చేతికిచ్చును. అంతవఱకు మౌనముగా నున్న సర్వజయ ఆ చీరను పట్టుకొని కూలిపోవును. ఆమె నోరు తెరచి రోదించుట కనబడును. ఆ రోదనము మాత్రము వినబడదు. దాని స్థానమున తార్‌షెహనాయ్ వాద్యము తారస్థాయిలో పలుకును. ఇది కమానుతో పలికించు తంత్రీవాద్యము. దానికి అమర్చిన లోహపు కొమ్ముచే స్వరము షెహనాయ్‌ను తలపించును. దక్షిణామోహన్ ఠాకూర్ దీనిని వాయించెను.

ఇచట వృత్తిక్రమమును విభజించి చూపవచ్చును. తెరచిన నోటికి రోదనధ్వని ముఖ్యార్థము వంటిది. అది వినబడకపోవుట ముఖ్యార్థబాధ. వాద్యస్వరమునకును రోదనమునకును గల సాదృశ్యము సంబంధము. గంగయందు గొల్లపల్లె యనునపుడు శైత్యపావనత్వములు ప్రయోజనమైనట్లు, ఇచట ప్రయోజనమేమి? ఒక స్త్రీ కంఠమునుండి వెడలిన రోదనము ఆమెదే. ఆ వాద్యస్వరము ఏ ఒక్కరి కంఠమునకును చెందినది కాదు. దుఃఖము వ్యక్తిపరిమితిని వీడి సామాజికులందఱిదగుట, అనగా సాధారణీకరణము, ఇచట ప్రయోజనము. అది లక్షణచే లభింపదు, వ్యంజనచేతనే లభించును.

అట్లైనచో ప్రేక్షకుడు ఈ మెట్లన్నియు ఎక్కుచున్నాడా? లేదు. నూరు తామరరేకులను సూదితో గ్రుచ్చినపుడు క్రమమున్నను తోచదను న్యాయము రసాదుల అసంలక్ష్యక్రమత్వమునకు చెప్పబడినది. చలనచిత్రమునకు ఇది ద్విగుణముగా వర్తించును. సెకనునకు 24 స్థిరచిత్రములు క్రమముగా సాగుచుండగా కన్ను ఒకే చలనమును చూచుచున్నది. విభావాదుల క్రమమును అట్లే మరుగుపడుచున్నది.

చీరయే తెరపై లేకున్న ఈ సంగీతమునకు బలము లేదు. చీర చేతికి వచ్చు క్షణమువఱకు దృశ్యమును నిలిపిన కూర్పు లేకున్నను లేదు. చీర ఉద్దీపనము, కూలుట అనుభావము, వాద్యము ఆ రెండింటిని కరుణమునకు చేర్చునది. మూడు సాధనములును విభావానుభావములను సంయోగపరచుటకే యని దీనిచే తేలుచున్నది. విడివిడిగా వాని సౌందర్యమును కొనియాడుట అంగిని విడిచి అంగములను పూజించుట వంటిది.

5. దోషవిచారము

గుణమును చూపిన శాస్త్రము దోషమును గూడ చూపవలెను. రసస్థాయిభావములను వాని పేర్లతోనే చెప్పుట స్వశబ్దవాచ్యత్వమను దోషము. పాత్ర "నాకు దుఃఖముగా నున్నది" అనుట మాత్రమే ఈ దోషమని తలపరాదు. కన్నీటి దృశ్యమున రూఢమైన విషాదస్వరమును, భయదృశ్యమున రూఢమైన భయస్వరమును పదే పదే వినిపించినపుడు ఆ సంగీతము వ్యంజకత్వమును కోల్పోయి వాచకమువలె పనిచేయును. ఎంత రూఢి ఏర్పడునో అంత వ్యంజన సన్నగిల్లును. నిరూఢలక్షణయందు ప్రయోజనము లేనట్లే ఇదియు.

'పథేర్ పాంచాలీ' సన్నివేశముపై గూడ ఆక్షేపమునకు తావు కలదు. రోదనమునకు బదులు సంగీతమును పెట్టుట తీవ్రతను మృదువు చేయుట కాదా యని అడుగవచ్చును. వాస్తవికతయే ప్రమాణమైనచో ఈ ఆక్షేపము నిలుచును. కాని లోకమందలి శోకము దుఃఖకారణము, కావ్యమందలి కరుణము ఆస్వాద్యము. ఆ భేదమును కాపాడినది ఆ నిశ్శబ్దమైన నోరే.

ఉపసంహారము

చలనచిత్రమున ఛాయాగ్రహణము విభావమును గ్రహించును, కూర్పు దానిని వాక్యముగా ఘటించును, శబ్దము వాచ్యమును తొలగించి వ్యంగ్యమునకు దారి యిచ్చును. ఈ మూటియందు అభిధాతాత్పర్యములు అవసరములే కాని చాలవు. అనుమానము ఇచట సాధకము కాదు. కావున వ్యంజనావృత్తి కావ్యభాషకు మాత్రమే పరిమితమైన కల్పన కాదనియు, అర్థగ్రహణస్వభావమునే నిరూపించిన సిద్ధాంతమనియు స్థిరపడుచున్నది.

ప్రాచ్యకళాశాలలలో నాల్గవ వృత్తిని బోధించునపుడు ప్రాచీనోదాహరణములను విడువనక్కరలేదు. వానికి తరువాత ఆ ఒక్క సన్నివేశమును చూపి, వినబడని రోదనము ఎచట వినబడినదని విద్యార్థిని ప్రశ్నించిన చాలును. సమాధానమును వెదకుచు అతడు తానుగా లోచనమును తెరచును.