టీబీ మందులకు లొంగని బిళ్ళలు

ప్రశ్న: డాక్టర్ గారూ, ఉస్మానియా క్యాంపస్ హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేస్తున్నాను. మూడేళ్లుగా హెచ్‌ఐవీకి మందులు మానకుండా వాడుతున్నా. సీడీ4 కణాల లెక్క 430. నాలుగు నెలలుగా మెడలో, చంకల్లో బిళ్ళలు కట్టాయి. వారం జ్వరం, పది రోజులు మామూలు, మళ్లీ జ్వరం. రాత్రి చెమటకి దిండు గలీబు తడిసిపోతోంది. సూది పరీక్షలో 'రియాక్టివ్' అని వచ్చినా టీబీ మందులు పెట్టారు. రెండు నెలలైంది, తగ్గలేదు. క్యాన్సరా? హాస్టల్లో చెప్పాలా?
- పరిశోధక విద్యార్థి, తార్నాక

జవాబు: టీబీని అనుమానించడం తప్పు కాదు. హెచ్‌ఐవీ ఉన్నవారికి బిళ్ళలు కడితే మన దగ్గర ముందు చూసేది దాన్నే. కానీ క్రిమి దొరికిందా, సీబీనాట్ (టీబీ జన్యు పరీక్ష) చేశారా? అవేవీ లేకపోతే 'ఇంకో రెండు నెలలు చూద్దాం' అంటే ఒప్పుకోకండి. అలాగని మందులు మీరే ఆపెయ్యకండి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది, బిళ్ళ కట్టిన గ్రంథి సంగతి అలా కాదు. సూదికి కణాలు వస్తాయి గానీ వాటి అమరిక రాదు. ఒక గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షించాలి. లింఫోమా (గ్రంథుల క్యాన్సర్) ఉంటే అందులో తేలుతుంది. వచ్చిపోయే ఆ జ్వరం చూస్తే నాకు మరో అనుమానం: కాజిల్‌మన్ జబ్బు. అరుదైనది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో దాదాపు ఎప్పుడూ హెచ్‌హెచ్‌వీ-8 అనే వైరస్ వల్లే వస్తుంది, సీడీ4 బాగున్నా సరే. క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే ప్రాణం మీదికి తెస్తుంది. పరీక్ష చీటీ మీద 'హెచ్‌ఐవీ ఉంది, హెచ్‌హెచ్‌వీ-8 స్టెయిన్ చూడండి' అని రాయించండి. అడగకపోతే ఆ రంగు వేయరు, మళ్లీ 'రియాక్టివ్' అనే రావచ్చు. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష), రక్తంలో హెచ్‌హెచ్‌వీ-8 లెక్క మాత్రం జ్వరం ఉన్న రోజునే చేయించండి.

కాజిల్‌మనే అయితే మందు ఉంది. రిటుక్సిమాబ్, సాధారణంగా వారానికొకటి చొప్పున నాలుగు డోసులు. దానికంటే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పదు. ఒంటి మీద ఊదారంగు మచ్చలుంటే చెప్పండి, అవి కపోసీ సార్కోమా అయితే ఈ ఒక్క మందుతో పెరగవచ్చు, ఇంకోటి కలపాలి. హెచ్‌ఐవీ మందులు ఆపేదే లేదు. ఖరీదు గురించి కంగారు సహజం, కానీ 2007లో మన డాక్టర్ రెడ్డీస్ దీన్ని చౌకగా తెచ్చింది.

హాస్టల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు, 2017 హెచ్‌ఐవీ చట్టం మీ వైపే ఉంది. మీ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) డాక్టరుకి మాత్రం ఈ వారమే చూపించుకోండి. గ్రంథి తీశాక కాగితం ఒక్కటే కాదు, స్లైడ్లూ మైనం దిమ్మా కూడా అడిగి తీసుకోండి. రెండో నిపుణుడు చూడాలంటే అవే కావాలి.