ట్రేలలో మిరప నారు పెంచు విధము

పునర్వసు కార్తె సమీపించుచున్నది. కాలువ క్రింది రైతులు వరి నారుమళ్ళ పనిలో నుండగా, మిరప వేయు రైతులు విత్తనపు పొట్లములకై బజారు తిరుగుచుందురు. మిరప నారును మడిలో గాక గుంటల ట్రేలలో పెంచు విధమును గూర్చి ఈ మాసము పత్రికలో వ్రాయుదునని గడచిన సమావేశమున సభ్యులకు మాట యిచ్చియుంటిని. ట్రే నారును మీలో చాలమంది చూచియే యున్నారు. కొని నాటినవారును గలరు. కాని అది యెందువలన మంచిదో, ఎచ్చట చెడునో యెరిగి కొన్నవారు కొలదిమంది మాత్రమే. ఎరిగినచో తామే పెంచుకొనవచ్చును. కొనవలసివచ్చినను మోసపోకుండ కొనవచ్చును.

మొదట లెక్క చూతము. సూటి రకముల విత్తనమును మడిలో పోసి నాటుటకు ఎకరమునకు 650 గ్రాముల విత్తనమును, ఒక సెంటు నారుమడియు కావలెనని శాస్త్రజ్ఞుల సలహా. సంకర రకములైనచో 75 మొదలు 100 గ్రాములు చాలును. రెండడుగులకు రెండడుగుల ఎడముగా నాటినచో ఎకరములో 10,890 మొక్కలు పట్టును. మిరప విత్తనము గ్రామునకు సుమారు 150 మొదలు 200 గింజలు తూగును. కాబట్టి పది గ్రాముల పొట్లములు ఏడెనిమిది కొన్న రైతు ఒక్కొక్క గింజను ఒక్కొక్క మొక్కగా చూచుకొనవలసిన స్థితిలో నున్నాడు. మన తండ్రులు ఇంటి కాయలనుండి తీసిన విత్తనమును పిడికిళ్ళతో చల్లిరి. సగము చచ్చినను సగము మిగిలెడిది, ఎవరికిని చింత లేకుండెను. నేడు సంకర విత్తనమును అట్లు చల్లుట రూపాయలను మడిలో చల్లుటయే.

మడిలో గింజ యేల చచ్చును? మొలకెత్తుటకు గింజకు మూడు కావలెను: తడి, గాలి, వెచ్చదనము. వెలుతురు అవసరము మొలక పైకి వచ్చిన తరువాతనే. మన నల్లరేగడి మడిలో తడికి లోటు లేదు, లోటంతయు గాలికే. ఒక పెద్దవాన కురియగానే రేగడి ముద్దయై, లోపలనున్న గాలి బయటికి పోవును. గింజ ఊపిరాడక కుళ్ళును. వాన వెలిసి గట్టిగా ఎండ కాసినచో మన్ను పెచ్చుకట్టి, క్రింద మొలచిన మొలక దానిని చీల్చలేక వంగి చచ్చును. ఈ రెండు గండములు గడచి నారు దట్టముగా లేచినపుడు నారుకుళ్ళు తెగులు కాచుకొనియుండును. పిథియం అను శిలీంధ్రము మట్టిలోనే యుండి, తడి హెచ్చినపుడు కాండమును నేల మట్టమున మెత్తపరచును. ఉదయము నిలిచియున్న నారు సాయంకాలమునకు చాపవలె పడిపోవుట మీలో చూడనివారుండరు. ఇక మడిమీద తిరుగు తెల్లదోమ బొబ్బర తెగులును అంటించును. నారు దశలో ఈ వైరస్ అంటిన మొక్కకు మందు లేదు. దానిని పొలమునకు తీసికొనిపోవుట తెగులును చేతులారా పొలములో నాటుటయే.

ట్రే యనునది పలుచని ప్లాస్టిక్ పలక. అందు గుంటలు వరుసలుగా నుండును. మిరప, టమాట, వంగ మొదలగు చిన్నగింజలకు 98 గుంటలది, కాకర, ఆనప, పుచ్చ మొదలగు పెద్దగింజలకు 50 గుంటలది వాడుదురు. ప్రతి గుంటకు అడుగున ఒక రంధ్రముండును. నీరు పోవుటకే అది యున్నదని తలంపవలదు. వేరుకొన ఆ రంధ్రము చేరి బయటి గాలి తగిలినంతనే ఎండి ఆగిపోవును. అంతట వేరు ప్రక్కలకు చీలి, పిల్లవేళ్ళు పుట్టి గుంటయంతయు వలవలె అల్లుకొనును. మడినుండి పెరికిన మొక్క సన్నవేళ్ళలో పెక్కు మట్టిలోనే తెగి మిగిలిపోవును; నీరు త్రాగు నోళ్ళు ఆ సన్నవేళ్ళే గాన, అది మూడు నాలుగు దినములు తల వ్రేలవేసి యుండును. గుంటనుండి తీసిన మొక్క వేరు తెగదు. అందుచేతనే ట్రేను నేలమీద పరచరాదు. ఇటుకలమీదనో, తీగల బల్లమీదనో ఎత్తి యుంచవలెను. నేల కానుకొన్నచో వేళ్ళు రంధ్రముగుండ మట్టిలోనికి దిగును, తీయునపుడు తెగును, పడిన శ్రమ యంతయు వృథా యగును.

ఇది యంతయు ప్లాస్టిక్ కంపెనీల కల్పన యని కొందరి తలంపు. పలక క్రొత్తదే కాని ఆలోచన ప్రాతది. మెక్సికో దేశపు షోచిమిల్కో చెరువులలో చినాంపాలను సేద్యము చేయు రైతులు, చెరువు అడుగు బురదను పలుచగా పరచి, కొంచెము ఆరిన పిమ్మట చతురపు బిళ్ళలుగా కోసి, ఒక్కొక్క బిళ్ళలో ఒక్కొక్క గింజ పెట్టి, మొలచిన తరువాత బిళ్ళతోకూడ పొలములో నాటుదురు. ఆ పద్ధతి స్పెయిన్ వారు ఆ దేశమునకు రాకముందటిది.

గుంటలలో నింపునది మట్టి కాదు, కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు. కోకోపీట్ అని దిమ్మెలుగా అమ్ముచున్నారు. అయిదు కిలోల ఎండు దిమ్మె నీటిలో విచ్చుకొని అరువది డెబ్బది లీటర్ల పొట్టు అగును. తడిసిన పొట్టు ట్రేకు సుమారు 1.2 కిలో పట్టును. ఎకరమునకు 112 ట్రేలు కావలెను. మొలవనివి, చచ్చునవి లెక్కగట్టి 125 ట్రేలు వేసికొనుట మంచిది. వీనికి అయిదు దిమ్మెలు, ఇంచుమించు అరసెంటు నేల చాలును.

పొట్టు విషయమై నా తప్పొకటి చెప్పవలసి యున్నది. పదునైదేండ్ల క్రిందట ఒక గ్రామమున ప్రదర్శన పెట్టుచు, దిమ్మెల ఖరీదు ఎక్కువయని పీచు మిల్లు దొడ్డిలో కుప్పగా పడియున్న పచ్చిపొట్టు బండెడు తెప్పించితిని. కడుగలేదు, మాగనీయలేదు. నలువది ట్రేలు నింపితిమి. గింజ చక్కగానే మొలచెను. పదవనాటికి ఆకు కొనలు కాలినట్లయ్యెను, ఇరువదవనాటికి మొక్కలు పసుపు రంగు తిరిగెను, మూడవవంతు పోయెను. ఉప్పునీట నానిన కొబ్బరిడొక్కల పొట్టులో లవణము నిలిచి యుండును. ఆకుకొనలు కాలుటకు అదియే కారణము. పచ్చిపొట్టులో కర్బనము మిక్కుటము, నత్రజని అత్యల్పము. దానిని కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు మొక్కకు పోవలసిన నత్రజనిని తామే తినివేయును; పసుపు రంగునకు కారణమిది. ఆ రైతు నన్ను ఒక్క మాటయు అనలేదు. విత్తనపు ఖరీదు నేను తెచ్చి యిచ్చినపుడు మాత్రము కాదనక పుచ్చుకొనెను.

అప్పటినుండి నేను చేయునది యిది. మాగిన పొట్టునే తెచ్చి, తొట్టిలో మంచినీట నానబెట్టి, తేయాకు రంగుగా దిగు నీటిని పారబోసి, నీరు తేటపడు వరకు మూడు నాలుగు మారులు అట్లు కడుగుదును. విత్తుటకు వారము ముందుగా ఒక ట్రే నింపి పది ముల్లంగి గింజలు వేసి చూతును. అవి పచ్చగా లేచినచో పొట్టు మంచిది. పిమ్మట ట్రైకోడెర్మా పొడి కొంచెము కలుపుదును. తడి సరిపోయినదా యని తెలియుటకు పిడికిట పట్టి పిండవలెను: వ్రేళ్ళ సందున నాలుగు బొట్లు రావలెనే గాని ధార కారరాదు.

విత్తనమునకు మందు పట్టించుట మరువరాదు. సొంత విత్తనమైనచో లీటరు నీటికి 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి ఇరువది నిమిషములు నానబెట్టి, మంచినీట బాగుగా కడిగి నీడన ఆరబెట్టినచో గింజపై నంటిన వైరస్ పోవును. రంగు వేసి వచ్చు సంకర విత్తనము మందు పట్టించినదే; దానికి మరల పట్టింపనక్కరలేదు. గుంటనడుమ వ్రేలితో అర సెంటీమీటరు లోతు నొక్కి, ఒక్క గింజ వేసి, పొట్టుతో కప్పవలెను. రెండు గింజలు వేయుట ధైర్యము లేని పని. తరువాత ఒకటి పెరుకునపుడు రెండవదాని వేరు కదలును.

ఇక వరి రైతుకు వేరుగ చెప్పనక్కరలేని మాట. వరి విత్తనము నానిన పిమ్మట మండె కట్టుట మన ఇంటి విద్య గదా! ట్రేలను పదేసి యొకదానిమీద నొకటి పేర్చి, పాలితీన్ పట్టతో కప్పియుంచుటయు మండె కట్టుటయే. లోపలి వెచ్చదనము, తేమ బయటికి పోవు. ఇన్నాళ్ళును నీరు పోయవలదు. టమాట మూడు నాలుగు దినములలోను, మిరప వారము దినములలోను మొలచును. అయిదవనాటినుండి ఉదయము సాయంకాలము పట్ట ఎత్తి చూడవలెను. అక్కడక్కడ తెల్లని మొలక వంగి కనబడినంతనే ట్రేలు దింపి వెలుతురున పరచవలెను. ఒక్క రాత్రి ఆలస్యమైనను మొలకలు చీకటిలో దారమువలె సాగి, తరువాత నిలువవు. నేను చూచిన నష్టములలో పెక్కు ఈ ఒక్క రాత్రి వలన కలిగినవే.

ట్రేలపై సగము ఎండను ఆపు నీడవల, నాలుగు ప్రక్కల అంగుళమునకు 40 కన్నులు గల నైలాన్ వల ఉండవలెను. వల తెల్లదోమను చాలవరకు ఆపును. తామరపురుగు మిక్కిలి చిన్నది గాన పూర్తిగా ఆపలేదు. 2021-22 పంటలో పూతను తినివేసిన క్రొత్త తామరపురుగు పొలములో వచ్చినదే. ట్రే నారు దానికి విరుగుడని యెవరైన చెప్పినచో నమ్మవలదు. నీటిని సన్న పూలజల్లుతో ఉదయమే చల్లవలెను. సాయంకాలపు తడి ఆకుమీద రాత్రియంతయు నిలిచి తెగుళ్ళను పిలుచును. పొట్టులో పోషకములు లేవు గాన విత్తిన 12వ దినమున, 20వ దినమున లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున 19:19:19 ఎరువు కలిపి చల్లవలెను. అంతకు మించరాదు. నల్లగా, ఏపుగా పెరిగిన లేతనారు కంటికి ఇంపుగ నుండును, పొలములో మాత్రము మొదటి ఎండకే వాలిపోవును. నాటుటకు వారము ముందుగా నీడవల తీసి, నీరు తగ్గించి మొక్కను ఎండకు అలవాటు చేయవలెను.

మిరప 35 మొదలు 40 దినములలో, టమాట 21 మొదలు 25 దినములలో నాటుటకు వచ్చును. పునర్వసులో విత్తినచో మఖలో నాటుకొనవచ్చును. వాన లేదని ట్రేలోనే ఇంకొక పక్షము ఉంచినచో వేళ్ళు చుట్టలు చుట్టుకొని గోధుమ రంగునకు తిరుగును. అట్టి మొక్క పొలములో పెట్టినను ఆ చుట్ట విప్పుకొనదు. కనుక నీటివసతి రూఢిగా లేనివారు విత్తనమంతయు ఒక్కనాడే విత్తక, పది దినముల ఎడముగా రెండు విడతలు విత్తుట మేలు.

ఒక వృద్ధుడైన రైతు నన్ను, "ఏమండీ అయ్యగారూ, మట్టి ముట్టకుండా పుట్టిన మొక్క మా రేగడిలో బతుకుద్దా?" అని యడిగెను. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పొట్టు తేలికగా తడి పీల్చును, తేలికగానే ఆరును. ముద్ద పైభాగము నేలపైకి తేలియున్నచో అది దీపపు వత్తివలె లోపలి తడిని పైకి లాగి గాలిలో కలిపివేయును. చుట్టునున్న రేగడి తడిగా నున్నను మొక్క ఎండును. కావున ముద్దను పూర్తిగా పాతి, పైన అరంగుళము మట్టి కప్పి, మట్టి ముద్దకు అతుకునట్లు నొక్కి, వెంటనే చెంబెడు నీరు పోయవలెను. వేళ్ళు రేగడిలోనికి ప్రాకు వరకు, అనగా వారము దినములు, నేల పైతడి ఆరనీయరాదు. ఎండ చల్లబడిన తరువాతనే నాటవలెను. నాటుటకు గంట ముందుగా ట్రేలు తడిపినచో ముద్ద విడిపోక వచ్చును. కాండము పట్టి లాగక, అడుగు రంధ్రమునుండి వ్రేలితో నెట్టవలెను.

సంఘ సభ్యులు ఆలోచింపవలసిన సంగతి యొకటి గలదు. ఒక్క ఎకరమునకై వలపందిరి వేయుట చిన్న రైతునకు భారము. పదిమంది కలిసినచో 1,250 ట్రేలకు అయిదారు సెంట్ల పందిరి, బాటలతోకూడ సరిపోవును. ట్రేలను బ్లీచింగు పొడి నీట ముంచి కడిగినచో మరుసటి పంటలకును పనికివచ్చును. కాని నీరు చల్లు వంతు ఎవరిదో, చెడిపోయిన ట్రేల నష్టము ఎవరు భరింతురో ముందుగా వ్రాసికొనక పందిరి వేయవలదని నా మనవి. ఎవరి ట్రేలమీద వారి గుర్తు ఉండవలెను. కలిసి చేయువారు లేనిచో, ఇంటి దొడ్డిలో దోమతెర కట్టి పది ట్రేలతో మొదలు పెట్టవచ్చును.

కొనువారు నారు కేంద్రములో రెండు మూడు మొక్కలు పైకి తీయించి చూడవలెను. వేళ్ళు తెల్లగా అల్లుకొని యుండవలెను. ఆకుముడుత గాని, అప్పుడే పూత గాని కనబడిన నారు కొనరాదు. ఏ విత్తనమో తెలుపు ఖాళీ పొట్లమును, లాట్ నంబరు వ్రాసిన రసీదును అడిగి పుచ్చుకొని పంట ముగియువరకు భద్రపరచవలెను. రసీదు లేని నారు చెడినపుడు రైతు మాటకు సాక్ష్యము లేదు.

నాటిన ఏడవనాటికి పొలమంతయు తిరిగి, చచ్చిన చోట మిగిలిన ట్రేల మొక్కలతో నింపవలెను. పది దినములు దాటిన పిమ్మట పెట్టిన మొక్క ప్రక్క మొక్కల నీడలో పడి కాపు నీయదు గాన, ఆ పైని మిగిలిన నారును పొరుగువారి కిచ్చివేయుడు.