ప్రశ్నలు - జవాబులు: సీటు రాడ్డుకు గ్రీజు

ప్రశ్న: విశాఖపట్నంలో వాడుతున్న స్టీలు ఫ్రేము సైకిలుకు సీటు ఎత్తు పెంచబోతే అల్యూమినియం రాడ్డు ఇసుమంతైనా కదలడం లేదు. కదలని భాగానికి గ్రీజుతో పనేమిటి?

జవాబు: గ్రీజు తిరిగే భాగాలకు మాత్రమే అన్న అపోహే ఇన్ని రాడ్లు పట్టేయడానికి మూలం. స్టీలు, అల్యూమినియం వంటి వేర్వేరు లోహాలు తాకుతున్న చోట ఉప్పు కలిసిన తేమ చేరితే, ఆ జంట చిన్న విద్యుత్ ఘటంగా మారి, ఎలక్ట్రాన్లను సులువుగా వదిలే అల్యూమినియం క్షీణిస్తుంది; దీనినే గాల్వానిక్ క్షయం అంటారు. అప్పుడు పుట్టే తెల్లని పొడి, అంటే ఆ లోహపు ఆక్సైడు, హైడ్రాక్సైడులు, లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి కనుక, వెంట్రుకవాసి సందు మాత్రమే ఉన్న ఫ్రేము గొట్టంలో చీల దిగగొట్టినట్లు రాడ్డును బిగించివేస్తాయి. సముద్రపు గాలి, తొక్కేవారి చెమట, వెనుక చక్రం చిమ్మే వాననీరు ఈ తేమను సమకూరుస్తాయి. క్లాంపు బిగువు కోసం గొట్టం పైఅంచున కోసిన చీలిక చాలా ఫ్రేములలో వెనుకవైపే ఉంటుంది కాబట్టి నీటికి దారి వెతుక్కునే శ్రమ కూడా లేదు. గ్రీజు ఇక్కడ చేసే పని ఆ తేమను ఆపడమే; తిరిగే భాగం చెడితే చప్పుడు చేస్తుంది, కదలనిది చేయదు గనుక గ్రీజు అవసరం దానికే ఎక్కువ. గొలుసుకు వారం వారం నూనె వేసేవారు సైతం కొన్ననాటి నుండి సీటు రాడ్డును ఒక్కసారైనా బయటకు తీయకపోవడం విడ్డూరం. వానాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి, తీరప్రాంతంలోనైతే ఇంకా తరచుగా, రాడ్డు తీసి, దానినీ గొట్టం లోపలనూ శుభ్రంగా తుడిచి, లోపలికి దిగే భాగమంతటికీ కొత్త గ్రీజు పూసి, కనీసం ఎంత లోతు దించాలో చూపే రాడ్డుపై గుర్తు బయటకు కనపడకుండా దించి బిగించాలి. ఇప్పటికే పట్టేసిన రాడ్డుకు, సందులోకి పాకే తుప్పు వదిలించే నూనెను అంచు చుట్టూ పోసి, రాత్రంతా ఉంచి, సీటు పట్టుకొని అటూ ఇటూ మెలితిప్పడం మొదటి ప్రయత్నం.

ప్రశ్న: మంటతో వేడి చేస్తే వదులవుతుందా?

జవాబు: రాడ్డు, గొట్టం రెండూ కలిసి వేడెక్కితే ఇంకా బిగుస్తుంది, రంగు కూడా కాలిపోతుంది, ఒక డిగ్రీ సెల్సియస్‌కు అల్యూమినియం పది లక్షలలో సుమారు 23 వంతులు, స్టీలు సుమారు 12 వంతులు వ్యాకోచిస్తాయి కనుక, మంచుతో రాడ్డును చల్లబరచడమే సరైన మార్గం.

ప్రశ్న: గ్రీజుకు బదులు కొబ్బరినూనె?

జవాబు: తలకు మాత్రమే.

ప్రశ్న: అల్యూమినియం ఫ్రేములో కార్బన్ ఫైబర్ రాడ్డు ఉంటే?

జవాబు: గ్రీజు పూస్తే రాడ్డు జారవచ్చు గనుక, సన్నని రేణువులు కలిపిన కార్బన్ పేస్టునే పూయాలి, అయితే కార్బన్ సైతం విద్యుత్తును ప్రసరింపజేసేదే, అక్కడ క్షీణించేది ఫ్రేము కాబట్టి, ఆ రాడ్డునూ ఏటా తీసి తుడవవలసిందే.