పగడపు దిబ్బలలో క్లౌన్ చేప

గోదావరి, కృష్ణా నదులు తెచ్చు ఒండ్రు మన పైరుకు బలము, పగడమునకు మాత్రము చేటు. బురదనీటిలో సూర్యరశ్మి లోతుకు చొరదు; రశ్మి లేనిదే దిబ్బలు కట్టు పగడము పెరుగదు. నదుల మంచినీరు కలిసి ఉప్పదనము తగ్గుటయు దానికి గిట్టదు. మన దేశమున పెద్ద పగడపు దిబ్బలు అండమాన్-నికోబార్, లక్షదీవులు, మన్నారు, కచ్ సింధుశాఖలలో గలవు. అండమాన్ దిబ్బలలో నివసించు ఒక చిన్న చేపను గూర్చి తెలిసికొందము.

రూపము, నివాసము

దీనిని క్లౌన్ చేప యందురు. నారింజ రంగు మేనిపై నల్లని అంచుగల మూడు తెల్లని పట్టెలుండును. పొడవు సుమారు 11 సెంటీమీటర్ల వరకు పెరుగును. సీ ఎనిమోను అను జీవి చేతుల నడుమ ఇది కాపురముండును. ఆ జీవి పువ్వువలె కనబడును గాని, తాకిన చిన్న చేపలకు విషపు ముళ్లు గ్రుచ్చును. క్లౌన్ చేపను దాని మేని జిగురు పొర కాపాడును. అందుకు బదులుగా, ఎనిమోనును కొరుకవచ్చు చేపలను ఇది తరిమివేయును. దీని విసర్జనము ఎనిమోనుకు ఎరువువలె ఉపయోగపడును.

సంతతి

పిల్లలన్నియు మొదట మగవిగానే ఎదుగును. గుంపులో అన్నిటికన్న పెద్దది ఆడది. రెండవది దాని జత మగది. ఆడది పోయినచో ఆ మగదే ఆడదిగా మారును. తరువాతి చేప మగదాని స్థానమునకు వచ్చును. గ్రుడ్లను ఎనిమోను ప్రక్కన రాతిపై పెట్టును. మగ చేప రెక్కలతో విసరుచు, చెడిన గ్రుడ్లను ఏరివేయుచు, సుమారు వారము దినములు కావలి కాయును.

ముప్పు

సముద్రపు నీరు మితిమీరి వేడెక్కినపుడు పగడములు, ఎనిమోనులు తమలోని సూక్ష్మమైన నాచును కోల్పోయి తెల్లబారును. 2010లో అండమాన్ దిబ్బలకు ఇట్లే జరిగినది. వేడి తగ్గనిచో అవి చచ్చును. ఇల్లు పోయిన చేప పెద్ద చేపల పాలగును. అమ్మకమునకై ఆడ చేపను పట్టినను, మగది ఆడదిగా మారువరకు ఆ గుంపులో గ్రుడ్లుండవు.

చేయదగినది

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేప పిల్లలను తొట్లలో ఉత్పత్తి చేయు పద్ధతిని రూపొందించినది. అక్వేరియం పెట్టువారు తొట్టిలో పుట్టిన పిల్లలనే అడిగి కొనవలెను. తొట్టిలో శత్రువులు లేనందున ఎనిమోను లేకున్నను ఇది బ్రతుకును. కాబట్టి సముద్రమునుండి ఎనిమోనును తెప్పించ నక్కరలేదు. దిబ్బలు కట్టు గట్టి పగడములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001 నుండి రక్షణ గలదు. వాటిని విరిచి తెచ్చుట, అమ్ముట నేరము. ఈ సంగతి ద్వీపములకు యాత్ర వెళ్లువారికి గ్రామాధికారులు ముందుగా తెలియజేయవలెను.