డాక్టరమ్మ ముందు మీ మాట మీదే

పెళ్ళికాని పిల్లకు గైనకాలజిస్టుతో ఏం పని అనే మాట మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. సికింద్రాబాద్ దగ్గరి కౌకూర్‌లో ఉండే అమ్మాయికి బొల్లారం, యాప్రాల్, అల్వాల్ ఎటు వెళ్ళినా ఆసుపత్రి దగ్గరే. అయినా గైనకాలజిస్టు బోర్డున్న మెట్లెక్కడానికి కాళ్ళు రావు. తెలిసినవాళ్ళెవరైనా చూస్తే లేనిపోనివి అల్లుతారని భయం. నెల తప్పి నెల వస్తున్నా, కడుపునొప్పితో కాలేజీ మానేస్తున్నా "చూద్దాంలే" అంటూనే ఏడాది గడిచిపోతుంది. తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తిండిలో ఇనుము చాలకపోవడం ఒక కారణమైతే, నెలనెలా మితిమీరి పోయే రక్తం ఇంకో కారణం. ఆ రెండోదాని గురించి ఇంట్లోనే నోరెత్తని పిల్ల డాక్టరు ముందు ఎలా చెబుతుంది?

వేదికెక్కి మాట్లాడటానికి మనం క్లాసులు పెట్టుకుంటాం. తన ఒంటి సంగతి తన నోటితో ఉన్నదున్నట్టు చెప్పడం అంతకంటే ముందు నేర్వాల్సిన విద్య అని నేను గట్టిగా నమ్ముతాను.

దానికి ఇంట్లోనే ఒక కాగితం తీసుకుని కూర్చోండి. డాక్టరమ్మ ముందుగా అడిగేది "లాస్ట్ డేట్ ఎప్పుడొచ్చింది?" అనే. మొదలైన రోజు తారీఖే లెక్క. అక్కడికి వెళ్ళాక వినాయక చవితికి ముందా వెనకా అని తడుముకోకుండా, గడిచిన మూడు నాలుగు నెలల తారీఖులు రాసుకోండి. పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజులకోసారి రావడం మామూలే. పెద్దమనిషి అయిన కొత్తలో ఇంకాస్త అటూ ఇటూ అవుతుంది. ఎన్ని రోజులుంటుంది, రోజుకెన్ని ప్యాడ్లు మారుస్తున్నారు, రాత్రి అందుకోసం లేవాల్సి వస్తోందా, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. "బాగా అవుతోంది మేడమ్" అంటే ఆవిడకేం అర్థమవుతుంది? "రెండో రోజు మూడు గంటలకో ప్యాడ్ మారుస్తున్నా, రూపాయి బిళ్ళంత గడ్డలు పడుతున్నాయి" అనండి. ఏ పరీక్ష రాయాలో ఆవిడకు తెలుస్తుంది. తెల్లబట్ట అవుతుంటే రంగు, వాసన, దురద సంగతీ అంతే. థైరాయిడ్‌కో, మొటిమలకో వాడుతున్న మాత్రల పేర్లు గుర్తుండవు కాబట్టి ఆ షీట్లే బ్యాగులో వేసుకోండి.

ఇక గదిలోకి వెళ్ళాక. ప్రశ్న పిల్లను అడిగితే జవాబు అమ్మ చెబుతుంది, పిల్ల చున్నీ అంచు నలుపుతూ కూర్చుంటుంది. అమ్మది ప్రేమే, కాదనను. కానీ నొప్పి ఎక్కడో, ఎంతో అమ్మకు తెలియదు. "అమ్మా, నేను చెబుతా" అనడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. అమ్మ ముందు చెప్పలేనిది ఉంటే, "డాక్టరుగారితో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడాలి" అని అడగండి. శారీరక సంబంధం ఉందా అని అడిగితే అది మీ నడవడి మీద తీర్పు కాదు. గర్భం, ఇన్ఫెక్షన్ల సంగతి తేల్చుకోవడానికి డాక్టరుకు ఆ జవాబు కావాలి. అబద్ధమాడితే మందే తప్పు పడవచ్చు.

చాలామందిని ఆపేది లోపలి పరీక్ష భయం. మొదటిసారే అందరికీ అది చేయరు. లైంగిక సంబంధం లేని అమ్మాయిలకు ఎక్కువగా పొట్ట మీదుగా స్కానింగే రాస్తారు. దానికి నీళ్ళు బాగా తాగి, మూత్రం ఆపుకుని వెళ్ళాలి. లోపలి పరీక్ష అవసరమన్నా, ఎందుకో అడగండి, నొప్పి పుడితే ఆపమనండి. మగ డాక్టరు చూసేటప్పుడు పక్కన ఇంకో స్త్రీ ఉండాలని కోరడం రోగిగా మీ హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగి హక్కుల పత్రంలోనే ఆ మాట ఉంది. మీ వివరాలు గోప్యంగా ఉంచాలనీ అందులోనే ఉంది. 18 నిండిన అమ్మాయి ఆరోగ్య విషయం ఆమె ఒప్పుకోకుండా ఇంట్లోవాళ్ళకు చెప్పకూడదు.

డబ్బు లేదని ఆగకండి. ముషీరాబాద్‌లో ప్రభుత్వ గాంధీ ఆసుపత్రి ఉంది. స్త్రీల కోసమే మంగళవారాల్లో నడిచేలా 2023 మార్చి 8న ప్రభుత్వం ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలుపెట్టింది. ఆ సేవ మీకు దగ్గర్లో ఎక్కడ అందుతుందో బస్తీ దవాఖానాలోనో, ఆశా కార్యకర్తనో అడగండి.

గంట గంటకూ ప్యాడ్ నిండిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నా, నెల తప్పి కడుపులో తీవ్రంగా నొప్పి వస్తున్నా కాగితం, తారీఖులు అంటూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మిగతా ఏ ఇబ్బంది అయినా సరే, సెమిస్టర్ పరీక్షలయ్యాకనో, పెళ్ళిచూపులయ్యాకనో అని వాయిదా వేయకుండా ఈ వారంలోనే ఓపీ చీటీ రాయించుకోండి.